అరకు ఘాటులో అబద్ధమాడిన ముల్లు

మోటారు కారులో ముళ్ళు మూడు. ఎంత జోరుగా పోతున్నామో చెప్పేది ఒకటి, ఎంత పెట్రోలు మిగిలిందో చెప్పేది ఒకటి, ఇంజను ఎంత వేడెక్కిందో చెప్పేది ఒకటి. మొదటి రెండూ పనిచెయ్యకపోయినా సంసారం ఎలాగో గడిచిపోతుంది. మూడోది లేకుండా కొండ ఎక్కడం మాత్రం మంచిది కాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ మూడో ముల్లు అబద్ధం కూడా ఆడుతుందన్న సంగతి మాత్రం అరకు వెళ్ళే దారిలోనే తెలిసింది.

కారు మా మామగారిది. ఆయన రైల్వేలో టెలిగ్రాఫు తీగల పని చూసేవారు. రిటైరయినప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి, ఎవరో వాడి వదిలేసిన 1984 మోడలు అంబాసిడరు కొన్నారు. 2014లో ఆ కార్ల తయారీయే ఆగిపోయింది. అంతకు ముందే మామగారూ వెళ్ళిపోయేరు. కారు మా ఇంటికి వచ్చింది. కారుతో పాటు అత్తయ్యగారూ వచ్చేరు.

2017 నవంబరులో ఒకనాడు కాఫీ తాగుతూ, "నాకు ఒక్కసారి శిమిలిగుడ చూడాలని వుంది నాయనా. మోకాళ్ళు ఇంకా మాట వింటున్నాయి. వచ్చే యేడు వింటాయో వినవో" అన్నారావిడ. అప్పటికి ఆవిడకి డెబ్భయ్యారేళ్ళు.

శిమిలిగుడ అరకు దగ్గర చిన్న రైలు స్టేషను. కొత్తవలస నుంచి కిరండూలు వరకూ, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపానుకి పంపడం కోసం 1960లలో కొండలు తొలిచి రైలు మార్గం వేసేరు. యాభైకి పైగా సొరంగాలు. శిమిలిగుడ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున వుంది; పెద్ద లైను స్టేషన్లలో దేశమంతటికీ ఇదే ఎత్తని చాలాకాలం చెప్పుకునేవారు. ఆ లైను వేస్తున్న రోజుల్లో మామగారికి అక్కడ ఉద్యోగం. అత్తయ్యగారు కొత్త కోడలిగా కాపురం పెట్టింది అక్కడే.

"అమ్మా, రైలులో వెళ్దాం. అద్దాల పెట్టె వేసేరు కదా, కూర్చున్నచోటి నుంచే కొండలన్నీ చూడొచ్చు" అంది మా ఆవిడ. ఆ పెట్టె ఆ యేడాది ఏప్రిల్లోనే మొదలయింది.

"అద్దాల పెట్టెలో మీరు రండి. నేను ఆయన కారులో వస్తాను" అన్నారు అత్తయ్యగారు. దాంతో చర్చ ముగిసింది.

కారుతో పాటు వచ్చిన హీటు మీటరు ఎప్పుడో ప్రాణం వదిలింది. ఘాటు రోడ్డు ఎక్కాలి గనక, విశాఖలో ఒక దుకాణానికి పోయి బయటి మీటరొకటి కొని డాష్‌బోర్డు కింద బిగించమన్నాను. దాని యంత్రాంగం పెద్దదేమీ కాదు. ఇంజనులో నీళ్ళు తిరిగే చోట ఇత్తడి మేకులాంటి సెన్సరు ఒకటి మరలాగ బిగిస్తారు. వేడి పెరిగినకొద్దీ దాని లోపలి నిరోధం తగ్గుతుంది, కరెంటు సులువుగా పారుతుంది, ముల్లు ఎర్రగీత వైపు తిరుగుతుంది. మీటరుకి తాళంచెవి తిప్పితే కరెంటు వచ్చే తీగ ఒకటి, సెన్సరు తీగ ఒకటి, ఎర్తు తీగ ఒకటి. రాత్రిపూట కనపడడానికి లోపల బుల్లి దీపం. దుకాణం కుర్రవాడు అరగంటలో బిగించేసేడు. పని అరగంటలో అయిపోతే మనకి సంతోషమే గాని, ఆ అరగంటలో ఏం వదిలేసేడో అన్న అనుమానం రాదు.

నవంబరు నెలాఖరున ఒక శనివారం ప్రయాణం కట్టేము. తెల్లవారగట్ల బయలుదేరాలనుకున్నవాళ్ళం, పులిహోర పొట్లాలూ, మా అమ్మాయి శాలువా, అత్తయ్యగారి మందులూ సర్దుకుని గేటు దాటేసరికి మధ్యాహ్నం ఒంటిగంటయింది. విశాఖ నుంచి అరకు నూటపదిహేను కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోటలో టీ తాగేము. ఊరు దాటేసరికి ఎదురుగా కొండలు వరసకట్టి నిలబడ్డాయి. బొడ్డవర దగ్గర రైలుకి ఎక్కుడు మొదలవుతుంది. కాసేపటికి మనకీ మొదలవుతుంది.

ఆ ఘాటు రోడ్డు చూడని వాళ్ళు తప్పక చూడాలి. ఒక మలుపులో లోయ మన కుడిచేతి వైపు వుంటుంది, మరుమలుపులో ఎడమచేతికి వస్తుంది. పైకి పోయినకొద్దీ గాలి పలచబడి చల్లబడుతుంది. నిటారుగా పెరిగిన సిల్వరు ఓకు చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగెలు, ఆ నీడలో నిగనిగలాడే ఆకులతో కాఫీ మొక్కలు. 2019లో ఈ అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉన్నట్టుండి ఎదుటి కొండ నడుమున రైలు వంతెన కనపడుతుంది, అంతలో సొరంగంలోకి మాయమవుతుంది.

నేను మాత్రం ఇవేవీ సరిగా చూడలేదు. నా కళ్ళు కొత్త మీటరు మీదే వున్నాయి. ముల్లు బుద్ధిమంతుడిలా సరిగ్గా మధ్యన నిలబడింది.

"మీరు రోడ్డు చూడండి. ముల్లుని నేను చూస్తాను" అంది మా ఆవిడ.

టైడా దాటేక సూర్యుడు కొండ చాటుకి పోయేడు. అయిదున్నర కాకుండానే మసక చీకటి, దానికి తోడు తెల్లగా మంచు దిగింది. దీపాలు వేసేను. మరుక్షణం మా ఆవిడ కెవ్వుమంది. ముల్లు ఎర్రగీత మీదికి గెంతి కూర్చుంది.

గుండె జారిపోయింది. ఇంజనులో నీళ్ళు మరిగిపోతే హెడ్డు వంగిపోతుంది, గాస్కెట్టు కాలిపోతుంది. వెనక సీటులో ముసలావిడ, చిన్నపిల్ల. ఫోనులో సిగ్నలు లేదు. కాస్త వెడల్పున్నచోట కారు పక్కకి తీసి, ఇంజను ఆపి, చక్రం కింద రాయి పెట్టి బానెట్టు ఎత్తేను. ఆవిరి లేదు. బుసబుసల్లేవు. కాలిన వాసన లేదు. రేడియేటరు మూత మాత్రం ముట్టుకోలేదు. వేడి మీద అది తీస్తే మరుగునీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. ఇరవై నిమిషాలు ఆగేము. మళ్ళీ స్టార్టు చేస్తే ముల్లు మధ్యకే వచ్చి నిలబడింది. "అమ్మయ్య" అనుకుని దీపాలు వేసి రెండు మలుపులు తిరిగేనో లేదో, చూస్తే ముల్లు మళ్ళీ ఎర్రగీత మీదే వుంది. మళ్ళీ ఆగేము.

ఈసారి పైనుంచి దిగుతున్న జీపొకటి మా పక్కన ఆగింది. నెత్తిన మఫ్లరు చుట్టుకున్న డ్రైవరు దిగేడు.

"ఏటైనాది బాబూ?"

చెప్పేను. అతను రేడియేటరు దగ్గర చెయ్యి పెట్టి చూసేడు, గొట్టం నొక్కి చూసేడు, చెవి పెట్టి విన్నాడు.

"ఇంజను సుబ్బరంగా ఉంది. ఆ మీటరు తీగ పీకి పారెయ్యండి. నా జీపుకి మీటరే నేదు. రోజూ ఎక్కుతన్నాను, దిగుతన్నాను" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆ సలహా నాకు చాలా నచ్చింది. చీకటి పడుతోంది, చలి పెడుతోంది, అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. తీగ లాగేస్తే ముల్లూ వుండదు, భయమూ వుండదు. డాష్‌బోర్డు కిందకి చెయ్యి పెట్టేను కూడా.

"ఆగు నాయనా. ఒకసారి దీపం ఆర్పు" అన్నారు వెనక సీటులోంచి అత్తయ్యగారు.

ఆర్పేను. ముల్లు మధ్యకి వచ్చింది.

"వెయ్యి."

వేసేను. ముల్లు గెంతింది.

"ఆ లోపలి బుల్లి దీపం చూడు, ఆముదం దీపంలా ఎలా గుడ్డిగా వెలుగుతోందో. దీనికి ఎర్తు ఎక్కడిచ్చేరు?"

నేనూ జీపతనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము.

"శిమిలిగుడలో స్తంభాల మీద టెలిగ్రాఫుకి ఒక్క తీగే వుండేది" అన్నారావిడ. "కరెంటు పోవడానికి తీగ, తిరిగి రావడానికి భూమి. క్వార్టర్సు వెనక గొయ్యి తవ్వి, రేకు పాతి, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చేవారు. ఎండాకాలం నేల ఎండిపోతే కబుర్లు తప్పుల తడకలుగా వచ్చేవి. మీ మామగారు యంత్రాన్ని తిట్టేవారు కారు. 'గోతిలో నాలుగు బిందెలు నీళ్ళు పొయ్యవే' అనేవారు. పోసేదాన్ని. తప్పులు పోయేవి."

కారులోనూ ఇదే ఏర్పాటు. ప్రతి దీపానికీ, ప్రతి మీటరుకీ రెండేసి తీగలు లాగరు. పోయే దారి తీగ. తిరుగుదారి కారు ఇనుప శరీరమే. అందుకే దానికి ఎర్తు అని పేరు.

జీపతనికి హుషారు పుట్టింది. తన బండిలోంచి స్పేనరూ, బారెడు వైరుముక్కా తెచ్చేడు. ముందు ఇంజను దగ్గర సెన్సరు మీది తీగ ఊడదీసి నన్ను ముల్లు చూడమన్నాడు. ముల్లు చల్లని వైపు చివరికి పడిపోయింది. ఆ తీగ కొసని ఒక్క క్షణం ఇంజను ఇనుముకి తాకించేడు. ముల్లు వేడి వైపు చివరికంటా వెళ్ళింది. "తీగ బాగుంది, మీటరు బాగుంది" అన్నాడు. తరవాత సెన్సరు మరల దగ్గర టార్చి వేసి వెతికేడు. కుళాయిలకి చుట్టే తెల్ల టేపు అక్కడ మందంగా చుడితే సెన్సరుకి ఇంజనుతో ఇనుప స్పర్శ తప్పిపోతుందట. అలాటప్పుడు వేడి వున్నదాని కంటె తక్కువ చూపిస్తుంది; ఆ అబద్ధం ఇంకా ప్రమాదం. అక్కడ టేపు లేదు.

ఆఖరున వైరుముక్క ఒక కొస బ్యాటరీ ఎర్తు బుడిపెకి కట్టి, రెండో కొస మీటరు నల్లతీగకి తాకించి, "ఇప్పుడు లైటెయ్యండి" అన్నాడు.

వేసేను. బుల్లి దీపం తెల్లగా వెలిగింది. ముల్లు కదలలేదు.

దొంగ దొరికేడు. దుకాణం కుర్రవాడు నల్లతీగని డాష్‌బోర్డు కింద రంగు వేసిన రేకుకి మరతో బిగించేడు. రంగు కరెంటుని పోనివ్వదు. మర అంచు ఎక్కడో రవ్వంత రేకుకి తగిలి అంతవరకూ పని గడిచింది. పగలు ముల్లు ఒక్కటే ఆ దారిన పోతోంది గనక ఇబ్బంది కనపడలేదు. దీపం వెయ్యగానే దీపం కరెంటు కూడా అదే ఇరుకుదారిన పడింది. ఒక్క బండే పట్టే ఘాటు రోడ్డు మీద లారీ అడ్డం వస్తే మన సంగతి ఏమవుతుంది? ముల్లు సంగతీ అదే అయింది. కరెంటు వెనక్కి పోవడానికి దారి చాలక, ముల్లు లెక్క తప్పి వేడి వైపు తిరిగింది. దాని కళ్ళు మంచివే. నిలబడ్డ నేలే మంచిది కాదు.

అత్తయ్యగారి సంచీలో జామకాయలు కోసే చాకు వుంది. దాంతో మర చుట్టూ రంగు మెరిసేదాకా గీకి, తీగ కొస శుభ్రం చేసి బిగించేము. జీపతను డబ్బు పుచ్చుకోనన్నాడు. పులిహోర పొట్లం పుచ్చుకున్నాడు.

"మామ్మగారు రైల్వేలో చేసేరేటి?" అని అడిగేడు పోతూ.

"చేసింది మా ఆయన. నీళ్ళు మోసింది నేను" అన్నారు అత్తయ్యగారు.

దీపాల వెలుగులో అనంతగిరి దాటి, గాలికొండ చలి తిని, సుంకరమెట్ట మీదుగా అరకు చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. దారి పొడుగునా ముల్లు మధ్యనే వుంది.

మర్నాడు పొద్దున మంచు విడేసరికి కళ్ళు మిరుమిట్లు గొలిపేయి. వలిసెలు పూసే కాలం. మడి మడికీ పసుపు ఆరబోసినట్టు పూలు. అమ్మాయి ఫొటోలు తీసుకుంటోంది. అత్తయ్యగారికి తొందర. శిమిలిగుడ చేరి ప్లాటుఫారం మీద నిలబడ్డాక మాత్రం ఆ తొందరంతా ఎటుపోయిందో, చాలాసేపు మాట్లాడలేదు. ఖనిజం వేసుకున్న గూడ్సు ఒకటి, ఎన్ని పెట్టెలో లెక్క తప్పేంత పొడుగున, మెల్లగా వెళ్ళిపోయింది. ఒంటితీగ స్తంభాలు లేవు. "మా ఇల్లు అటేపు" అని చెయ్యి చూపించేరు. అటు తుప్పలున్నాయి. మెల్లగా అక్కడిదాకా నడిచి వెళ్ళి, చేతిలో సీసాలో మిగిలిన నీళ్ళు ఒక రాయి పక్కన ఒంపేరు. ఎందుకని మేమెవ్వరం అడగలేదు.

తిరుగుదారిలో బొర్రా గుహలు చూసేము. సున్నపురాయి కొండని నీళ్ళు యుగయుగాలుగా కరిగించి తొలిచిన గుహలవి. పైనుంచి బొట్టు బొట్టుగా కారే నీటిలోని సున్నం పేరుకుని పైకప్పున ఊడల్లా, నేల మీద స్తంభాల్లా తయారయింది. అడుగున గోస్తని. అత్తయ్యగారు మెట్లు దిగలేక పైన కూర్చుని కాల్చిన మొక్కజొన్న పొత్తు తిన్నారు. ఇది చూడడం అయ్యేక మళ్ళీ పెద్దరోడ్డు ఎక్కాలంటే నిటారుగా ఎక్కుడు. అక్కడే రెండో కథ జరిగింది.

మిట్టమధ్యాహ్నం. దీపాలు వెయ్యలేదు. సగం ఎక్కేసరికి ముల్లు మధ్య నుంచి వెంట్రుకవాసి కదిలింది. ఒక మలుపు తరవాత ఇంకొంచెం. నిన్నటిలా గెంతలేదు, అన్నం కుండలో ఎసరు వేడెక్కినట్టు నిదానంగా, ఆగకుండా ఎక్కుతోంది.

"మళ్ళీ మీ మర వదులైందేమో" అంది మా ఆవిడ.

దీపం వేసి, ఆర్పి చూసేను. ముల్లు దాన్ని లెక్కచెయ్యలేదు. తన పని తాను చేసుకుపోతోంది.

"ఇది నిజం" అన్నాను. చెట్టు నీడన ఆపేను. బానెట్టు ఎత్తగానే మొహానికి వేడి కొట్టింది. పై గొట్టం రేడియేటరుతో కలిసేచోట క్లిప్పు వదులై, సన్నటి ధారగా నీళ్ళు కారుతున్నాయి. కింద రోడ్డు మీద తడి చార. ముప్పావుగంట ఆగి, రేడియేటరు చల్లారేక, మూత మీద తడిగుడ్డ వేసి కొంచెం కొంచెంగా తిప్పి తీసేను. స్క్రూడ్రైవరుతో క్లిప్పు బిగించేను. రెండు సీసాల నీళ్ళు పట్టేయి. ఇంకో రెండు మలుపులు అలాగే ఎక్కి వుంటే ఆ నీళ్ళు కూడా పోయి, మామగారి ఇంజను ఆ కొండ మీదే ఆఖరయ్యేది. ముందురోజు జీపతని మాట విని తీగ పీకి పారేసి వుంటే నాకు ఆ కబురు చెప్పేవాళ్ళు లేరు. మర గీకకుండా అలాగే వదిలేసినా అంతే. ముల్లు ఎక్కుతూంటే "దానికిది అలవాటే" అనుకుని నేను పులిహోర తింటూ పోయేవాణ్ణి.

ఇంటికి వచ్చేక స్నేహితులు కొందరు ఇదే జబ్బు తమ కార్లలోనూ వుందన్నారు. వాళ్ళకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ముల్లు ఉన్నట్టుండి గెంతితే ముందు జాగ్రత్తగా కారు ఆపి చూడండి. ఇంజను నిజంగా వేడెక్కలేదని తేలితే దీపాలూ హారనూ ఒక్కొక్కటే వేసి ముల్లుని గమనించండి. వాటితో పాటు కదిలితే మీటరుని మార్చబోకండి. ముందు నల్లతీగ ఎక్కడ బిగించేరో వెతకండి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది గనక, దానికీ కారు శరీరానికీ నడుమ అల్లిన తీగపట్టీ ఒకటి వుంటుంది. అది తుప్పుపట్టిందేమో కూడా చూడండి. ముల్లు నిదానంగా ఎక్కుతోందా, ఇంకేం ఆలోచించకుండా కారు ఆపండి.

ఆ నల్లతీగ మరని ప్రతి సంక్రాంతికీ విప్పి, గీకి, మళ్ళీ బిగిస్తూంటాను. నేను చేతులు తుడుచుకుంటూ లోపలికి రాగానే అత్తయ్యగారు మంచం మీంచి అడుగుతారు:

"నీళ్ళు పోసేవా నాయనా?"

"పోసేనండీ" అంటాను.